ఎక్కములును నారుమడియును

పదవ తరగతివారమగు మేము వసతిగృహమున సాయంకాలములయందు ఆఱవ తరగతి బాలురకు లెక్కలు చెప్పుచుందుము. వారిలో నొకడు ఇరువదవ యెక్కము వఱకు తడబాటు లేక పాడగలడు, కంఠమును మంచిదే. అయినను "ఏడెనిమిదు లెంత?" యని నడుమ నడిగినచో, "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పదునాలుగు" అని క్రింది మెట్టునుండి యెక్కివచ్చి గాని యేబదియాఱు చెప్పలేడు. ఇక భిన్నములన్న వానికి గుండె జారును. అర్ధసంవత్సర పరీక్షలో లెక్కలు తప్పినచో బడి మాన్పించి పొలము పనికి గొనిపోదునని తండ్రి గట్టిగా జెప్పిపోయెను.

ఎక్కములు వల్లించుట వట్టి చిలుకపలుకని కొందఱందురు. మేమంత మాట యనజాలము; నోట నున్నది గనుకనే వానికి మార్గము దొరకినది. ఆఱవ యెక్కమును, ఎనిమిదవ యెక్కమును పలకపై ప్రక్కప్రక్కన వ్రాయించి, రెంట నున్న సంఖ్యలకు సున్న చుట్టుమంటిమి. 24, 48 దొరకెను. వాడు కొంతసేపు పలకను జూచి, "72 కూడ ఆఱవ యెక్కములోనిదేనండీ, పదింటితో ఆపాం గనుక కనబడలేదు" అనెను. సామాన్యగుణిజములకు తుద లేదని మేము చెప్పనక్కఱలేకపోయెను. వానిలో మిక్కిలి చిన్నదియగు 24 నే మనము క.సా.గు. అనుచున్నాము. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున దీనిని నిరుద్ధమనెను. ఆ గ్రంథమును తెలిగించినవాడు పావులూరి మల్లన.

భాజకముల వంతు తోటలో వచ్చెను. తోటమాలి యిచ్చిన వంగనారు 84, మిరపనారు 60. ఏ వరుసలోను రెండు జాతులు కలియరాదు. అన్ని వరుసలును సమానముగా నుండవలెను. వరుస వీలైనంత పొడుగు కావలెను. రెంటిని సరిగా పంచు సంఖ్య వాని తేడాను గూడ పంచవలయును గదా! 84 లో 60 పోగా 24. 60 లో రెండు మాఱులు 24 పోగా 12. 24 లో రెండు మాఱులు 12 పోగా శూన్యము. కావున వరుసకు 12. యూక్లిడు తన గ్రంథము ఏడవ భాగమున జూపిన త్రోవ యిదియే.

మాలో నొకరి తాతగారు దీని విని, పాత రూపాయిని దలచుకొనిరి. 1957 ఏప్రిల్ 1 వఱకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, వెరసి 192 పైలు. ముగ్గురు పంచుకొన్నచో తలకు 5 అణాల 4 పైలు సరిగా వచ్చెడివి. నూఱు పైసలను ముగ్గురకు పంచిన ఒక పైస మిగులును. అణాలు పోయినను "పదహారణాల తెలుగు" మాత్రము మన నోట నిలిచియున్నది.

పరీక్షలో మా బాలునకు నూటికి 41 వచ్చెను. తండ్రి వచ్చి, మార్కులకంటె మడినే యెక్కువసేపు చూచి, "వంగకు ఎడం ఇంకా కావాలి బాబూ" అని, కుఱ్ఱవానిని విడిచి పోయెను. వాడు వరుసలు లెక్కించి, వంగ 7, మిరప 5, ఈ రెంటికి ఒకటి దక్క ఉమ్మడి భాజకమేల లేదని మమ్మడిగెను. ఉన్నచో వరుస పండ్రెండుకంటె పొడుగు కావలసినదే గదా యని మఱునాటి యుదయమున వాడే వచ్చి చెప్పెను. వచ్చు వారము భిన్నముల కూడిక మొదలు.