చేయి తగలకుండా పలికే వాద్యం కోసం...

టోక్యో నుంచి షింకన్‌సెన్ రైల్లో గంటన్నర ప్రయాణం. హమమత్సు స్టేషన్ బయటికి రాగానే మౌతార్గన్ ఆకారంలో 45 అంతస్తుల యాక్ట్ టవర్ కనిపించింది. అది చూస్తేనే ఊరి సంగతి అర్థమైపోతుంది. 1887లో తొరకుసు యమహా ఇక్కడి బడిలో పాడైన ఆర్గన్‌ని బాగుచేశాడు. యమహా, కవాయ్ పియానోలకి పుట్టిల్లు ఇదే.

నేను వెళ్లింది పియానో కోసం కాదు. మా అమ్మకి కీళ్లవాతం. ముప్ఫై ఏళ్లు వీణ వాయించిన వేళ్లు ఇప్పుడు తీగ నొక్కలేవు. ముట్టుకోకుండానే పలికే థెరమిన్ ఇస్తే గమకాలైనా పలికించుకుంటుందని నా ఆశ. రష్యాకి చెందిన లెవ్ థెరమిన్ 1920లో కనిపెట్టాడు దీన్ని. పెట్టెలోని రెండు ఆసిలేటర్లూ చెవికి వినపడనంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంటాయి. యాంటెన్నా దగ్గరికి చేయి తీసుకెళ్తే ఒకదాని ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఆ రెండింటి తేడాయే మనకి స్వరంగా వినిపిస్తుంది. మెట్లు లేవు. జారుడంతా మన చేతి మీదే!

శ్రుతికి ఒకటి, ధ్వని హెచ్చుతగ్గులకి ఒకటి... ఇలా రెండు యాంటెన్నాలున్న అసలు వాద్యం నా జేబుకి అందలేదు. లిడియా కవీనా దగ్గర నేర్చుకున్న మసామి తకెఉచి, రష్యన్ చెక్కబొమ్మ కడుపులో థెరమిన్ ఇమిడ్చి ఈ ఊరి నుంచే 'మాత్ర్యోమిన్' తెచ్చాడు. ముద్దొచ్చేలా ఉంది గానీ అదీ ఖరీదే. చివరికి ఓ పాత సామాన్ల కొట్లో, గక్కెన్ సంస్థ 2007లో పత్రికతోపాటు ఇచ్చిన థెరమిన్ కిట్ దొరికింది. సోల్డరింగ్ అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ చాలు. హోటల్లో కూర్చుని బిగించేసరికి ఈల్ చేప అన్నం చల్లారిపోయింది. ఈ ఊళ్లో అంతకంటే పాపం లేదట!

విజయవాడలో పెట్టె తెరిచాం. ఒకే యాంటెన్నా, ధ్వనికి వేరే అదుపు లేదు. దాంతో ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్లేలోపు దారంతా ఊళే. వెనక నుంచి ఎవరు నడిచినా శ్రుతి చెదిరిపోతోంది. ''కుక్కపిల్ల ఏడ్చినట్టుందేంట్రా'' అంది అమ్మ. అందరినీ గదిలోంచి పంపేసి, ఊపిరి బిగబట్టి 'స' వెతుక్కుంది. దొరికాక వదల్లేదు. అక్కణ్నుంచి మెల్లగా 'రి'కి లాగింది.

పది నిమిషాలకే భుజం నొప్పన్నది. తీగ నొక్కక్కర్లేదు సరే, చేతిని గాల్లో నిలపడమూ కష్టమేనని నాకు తట్టనేలేదు.

''ఇంక చాల్లే అమ్మా'' అన్నాను. వినలేదు. మోచేతి కింద దిండు పెట్టించుకుని మళ్లీ మొదలుపెట్టింది.