భీష్ముని వేదన

భీష్ముణ్ణి చూచి జాలిపడాలని బి.ఆర్. చోప్రా మహాభారతం దేశానికంతటికీ నేర్పింది. నాకా జాలి ఎన్నడూ కుదరలేదు.

1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో ఆ ధారావాహిక మొదలైన నాటికి కాచిగూడలో అద్దెకుండేవాళ్లం. ఆదివారం ఉదయం ఇంటివారి ముందుగదిలో మార్వాడీలు, మరాఠీలు, మేమూ చేరేవాళ్లం. రాహీ మాసూమ్ రజా వ్రాసిన హిందీ సంభాషణలు నాకు సగమే అందినా, కథ తెలిసినదే గనుక ఇబ్బంది లేకపోయింది. ద్యూతసభ నాడు భీష్మపాత్రధారి ముకేశ్ ఖన్నా ముఖంలోని వేదనకు గదిలో ఆడవారు కంటతడి పెట్టారు.

ఆ వేదన కపటమని అనను. కాని ద్రౌపది అడిగినది కన్నీరు కాదు, సమాధానం. ముందే తన్ను తాను ఓడిపోయినవానికి భార్యను పణంగా పెట్టే అధికారం ఉన్నదా? ధర్మం సూక్ష్మమైనది, తేల్చి చెప్పలేనన్నాడు పితామహుడు. లేచి, ఆమె ఓడిపోలేదని చెప్పినవాడు దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడు. కుర్రవాడివి నీకేం తెలుసని కర్ణుడు గద్దించాడు. 'ధర్మసూక్ష్మం' అన్నది మా పండితులకు ఎంతో ఇష్టమైన మాట. ఆ సభలో మాత్రం అది లేవకుండా కూర్చోవడానికి వేసుకొన్న పీట. యుద్ధారంభంలో భీష్ముడే ఒప్పుకొన్నాడు గదా, మనిషి అర్థానికి దాసుడనీ, కౌరవుల సొమ్ము తనను కట్టివేసిందనీ!

ఆచితూచి అడుగు వేయడమే దోషమైతే కృష్ణుడూ దోషియే. అయిదూళ్లిచ్చినా చాలునన్న రాయబారం కంటె జాగ్రత్త ఏముంటుంది? కాని తనను బంధించాలని చూస్తున్నవారి సభకే వెళ్లి, తప్పెవరిదో వారి ముఖం మీదనే చెప్పాడు. ఒకరి జాగ్రత్త తన ప్రతిజ్ఞ చెడకుండా, ఇంకొకరిది జనం చావకుండా.

తరువాత తార్నాకకు మారాం, విశ్వవిద్యాలయం పక్కనే. 2009 డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ప్రక్రియ మొదలుపెడతామని కేంద్ర హోంమంత్రి ప్రకటించారు. 23న విస్తృత సంప్రదింపులు కావాలన్నారు. 2011 జనవరి 6న బయటికి వచ్చిన శ్రీకృష్ణ కమిటీ నివేదికలో ఆరు మార్గాలున్నాయి. పేరు శ్రీకృష్ణునిది, పలుకు భీష్మునిది అని ఒక మిత్రుడు చమత్కరించాడు. నేను నవ్వలేదు. మార్గాలు చెప్పడం కమిటీ పని. ఎంచుకోవలసినవారు వేరే ఉన్నారు. పాలకపక్షపు కార్యవర్గం తీర్మానించేసరికి 2013 జూలై 30 వచ్చింది. ఆ నడుమ ప్రాణాలు తీసుకొన్నవారిలో మా ప్రాంగణపు పిల్లలూ ఉన్నారు.

2020లో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ ఆ భారతాన్నే మళ్లీ వేసింది. ద్యూతసభ చూస్తూ మనుమరాలు, "ఆయన ఏడ్చే బదులు లేవొచ్చుగా తాతయ్యా?" అన్నది. లేచినవాడొకడున్నాడని వికర్ణుణ్ణి చూపించాను.

"తరువాత ఏమయ్యాడు?"

అన్నల పక్షాననే యుద్ధం చేసి భీముని చేతిలో పోయాడనీ, చంపి భీముడే విలపించాడనీ చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు ఆ పిల్ల.