కాలని బొగ్గు

ఖరగ్‌పూరు నేల ఎర్రమొరపు నేల. వాన కురిసినంతసేపు ఎర్రనీరు వీధుల వెంట పరుగులు తీయును. వెలిసిన నాలుగు నాళ్లకే నేల బిగుసుకొని గడ్డపారకు లొంగదు. అటువంటి చోట బెంగాల్ నాగపూర్ రైల్వేవారు వర్కుషాపును, యార్డులను నెలకొల్పగా, పట్టాలు పట్టుకొని శ్రీకాకుళం, విశాఖపట్నం సీమల నుండి జనము వచ్చి చేరినది. మథురాకాటి సందులలో నేటికిని తెలుగు వినబడుచున్నది. అక్కడి పెద్దాయన ఒకరు పొగబండి కాలములో ఫైర్‌మన్‌గా పనిచేసినారు.

ఆయనకు బొగ్గును గురించి ఒకరు చెప్పవలసినది లేదు. ఏది మండునో, ఏది పొగయే గాని వేడి ఈయదో, పారమీది బరువును బట్టియే చెప్పగలరు. ఒకమారు బొగ్గుతోపాటు వచ్చిన పలకరాతిపై ఆకు అచ్చు కనబడినది; ఈనెలు సైతము చెదరలేదు. ఆవిరి ముల్లు పడిపోవుచున్నదని డ్రైవరు కేకవేయగా ఆ పలకను పక్కకు విసిరి పార అందుకొన్నారు. ఝరియా, రాణీగంజి బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పైబడినదనియు, ఆనాడు ఈ భూభాగము గోండ్వానా అను మహాఖండములో చేరి దక్షిణపు చలిప్రదేశములో ఉండెడిదనియు, అక్కడి చిత్తడిలో కుళ్లక పేరుకొన్న చెట్టుచేమలే బొగ్గుగా మారినవనియు ఆయనకు చాలాకాలము తరువాత గాని తెలియలేదు. తెలిపినవాడు స్కాట్లండులో ఉద్యోగము చేయుచున్న కూతురి కొడుకు.

2024 జూలైలో ఢిల్లీలో జరిగిన సమావేశమున యునెస్కో ప్రపంచ వారసత్వ సంఘము స్కాట్లండు ఉత్తరపు అంచునగల ఫ్లో కంట్రీ అను చిత్తడి సీమను తన పట్టికలో చేర్చినది. చేరిన విస్తీర్ణము సుమారు 1,87,000 హెక్టార్లు. అప్పుడు మనుమడు పంపిన ఫొటో ఆ సీమలోని ఫోర్సినార్డ్ అను రైలుస్టేషనుది. 1874లో తెరచిన స్టేషను అది. దాని భవనములోనే నేడు పక్షిసంరక్షణ సంఘమువారు చూడవచ్చినవారికి ఆ నేలను గురించి వివరించుచున్నారు. ఒకప్పుడు ప్రపంచములోనే పొడవైనదని పేరుపడిన 1,072 మీటర్ల ప్లాట్‌ఫారము పక్కన బ్రతికినవారికి ఆ బుల్లి స్టేషను నవ్వు తెప్పించినది. దాని వెనుక, కంటికి ఆనినంత దూరము, చెట్టు లేదు, చేను లేదు. గోధుమవన్నె గడ్డి, నల్లని నీటి మడుగులు.

"ఇందులో కాపాడవలసినది ఏమున్నదిరా?" అని ఫోనులో అడిగినారు.

"నీవు కాల్చినదే తాతా, ఇది ఇంకను కాలలేదు" అన్నాడు మనుమడు.

నిజమునకు పీట్ అను ఆ నల్లమట్టి బొగ్గుకు తొలిరూపము. వానలు ఎడతెగని ఆ చలిసీమలో స్ఫాగ్నమ్ అను నాచు నీటిని పీల్చి పట్టియుంచును. నీట నానిన నేలలోనికి గాలి చొరదు. గాలి లేనిచోట కుళ్లుట నిదానించును. చచ్చిన నాచుమీద కొత్త నాచు పెరుగును. ఏడాదికి ఒక మిల్లీమీటరు పేరుకొన్నచో అదియే పదివేలు. అట్లు 9,000 ఏండ్లుగా పెరిగి, మిట్టయనక పల్లమనక గొంగళి కప్పినట్లు కప్పినది. సుమారు 40 కోట్ల టన్నుల కర్బనము దానిలో ఒదిగియున్నది. భూమిమీది నేలలో నూటికి మూడువంతులే ఉన్న పీట్ నేలలు అడవుల చెట్లన్నిటికంటె ఎక్కువ కర్బనమును దాచుకొన్నవి. వేసవిలో ఉల్లంకి జాతి పిట్టలు అక్కడ గుడ్లు పెట్టుకొనును.

ఇంతటి నేలను పనికిరానిదని తలచి 1980 దశకములో కాలువలు త్రవ్వి, నీరు తీసివేసి, పరదేశపు స్ప్రూస్, పైన్ చెట్లు నాటినారు. పన్ను రాయితీలు అందుకు ఊతమైనవి. 1988లో అవి ఆగినవి. ఎండిన పీట్‌లో గాలి చొరబడి, వేల ఏండ్ల నిల్వ వాయువై పోసాగినది. ఇప్పుడు ఆ చెట్లను నరికి కాలువలను పూడ్చుచున్నారు. ఈ మాటకు పెద్దాయన మండిపడినారు. మొరపునేలలో ఒక వేపమొక్కను బ్రతికించుటకు బిందెలతో నీరు మోసినవారికి, చెట్లు నరుకుట మేలని ఎవరు చెప్పినను మింగుడుపడదు. వారము దినములు మనుమనితో మాటలాడలేదు. ఆయన కోపము తప్పనుటకు వీలులేదు. చెట్టు ఎక్కడైనను మేలేనని మన బడిపుస్తకములు నేర్పినవి గదా.

పట్టణపు అంచున ఆయనకు నాలుగు కాఠాల పల్లపు నేల ఉన్నది. వానాకాలమున చుట్టుపట్ల ఇండ్ల నీరంతయు అక్కడ నిలిచి, తుంగ మొలచి, కొంగలు వాలును. పక్కబావి ఊట దానివలననే అని ఆయన నమ్మకము. దానిని మొరముతో పూడ్పించి ఇల్లు కట్టవలెనని కుమారుని సంకల్పము; ఇద్దరు పిల్లలతో రెండు గదుల అద్దె ఇంటిలో ఉన్నవానికి ఆ కోరిక న్యాయమైనదే. ఆ పల్లము పీట్ కాదని పెద్దాయనకు తెలియును. ఇక్కడి ఎండలకు వర్షాకాలమున పేరుకొన్న ఆకు అలము మరుసటి వేసవి దాటి మిగలదు. కలకత్తా నేలలో కొన్ని మీటర్ల క్రింద పీట్ పొరలు బయటపడినవి గాని, ఖరగ్‌పూరుకు ఆ భాగ్యము లేదు. అయినను "పనికిరాని నేల" అను మాట కుమారుని నోట విన్నప్పుడు ఆయనకు ఫోర్సినార్డ్ ఫొటో గుర్తుకు వచ్చినది.

మొరము తోలించిన ఉదయము ఆయన గట్టుమీద నిలిచి రెండవ ట్రాక్టరును వెనుకకు మళ్లించినారు. కిరాయి తన పింఛనులో నుండి ఇచ్చినారు.

"ఈ వానాకాలము గడవనీయరా, తరువాత నీ యిష్టము" అన్నారు.

కుమారుడు బదులు చెప్పక స్కూటరెక్కి వెళ్లిపోయినాడు. దించిన ఒక్క బండి మొరము గట్టుననే ఉండిపోయినది. మొదటి వానకే దానిలో సగము కరిగి పల్లములోనికి జారినది.