కువైట్ నుంచి నాయనకు

ఫర్వానియా, శుక్రవారం

నాయనా,

నేను బాగున్నాను. వేలిముద్రలు, మెడికల్ రెండూ అయిపోయినాయి. హైదరాబాదులో చేయించుకొచ్చిన పరీక్షలతో పని జరగదు, ఇక్కడ రక్తం, ఎక్స్‌రే మళ్లీ తీస్తారు. టీబీయో, హెచ్‌ఐవీయో బయటపడితే అకామా, అంటే ఇక్కడ ఉండేందుకు పర్మిట్టు, ఇవ్వరు, వెనక్కి పంపేస్తారు. అందుకే ఆ వరుసలో ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. నా ముందున్నాయన రాయచోటి వైపు మనిషి. ఎక్స్‌రే గదిలోకి పోతూ మెడలో తాయెత్తు తీసి, వచ్చేదాకా పట్టుకోమని నా చేతిలో పెట్టినాడు. బయటికొచ్చి అది మళ్లీ కట్టుకున్నాకే నాది ఏ ఊరని అడిగినాడు.

మిగతా కాగితాలు కంపెనీ మందూబు, అంటే ఆఫీసుల్లో పనులు జరిపించే మనిషి, చూసుకుంటున్నాడు. అకామా పడినాక బతాకాకు పెడతారు. బతాకా అంటే సివిల్ ఐడి కార్డు. బ్యాంకు ఖాతాకైనా, డ్రైవింగు లైసెన్సుకైనా ముందు అడిగేది దాన్నే. డబ్బు పంపడం కొంచెం ఆలస్యమైతే అమ్మను కంగారుపడొద్దని చెప్పు.

ఫర్వానియా, శనివారం

నాయనా,

పోయిన జాబు రాసిన కొన్ని వారాలకు బతాకా వచ్చింది. సౌత్ సుర్రాలో పాసీ ఆఫీసుంది, కార్డులిచ్చేది వాళ్లే. అక్కడ ఏటీఎం మాదిరి మిషన్లు పెట్టినారు. నంబరు కొడితే కార్డు బయటికొచ్చింది. నంబరులో 12 అంకెలు. మొదటిది 2 అయితే 2000కు ముందు పుట్టినట్టు, 3 అయితే ఆ తర్వాత. దాని వెనకే పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. నాది 2960701తో మొదలైంది. నేను పుట్టింది కార్తీకమాసంలో అని అమ్మ అంటుంది కదా, నువ్వు బడిలో వేయించిన జూలై 1వ తేదీయే ఇక్కడ నాకు ఖాయమైపోయింది. చెల్లెలి బిడ్డను బడిలో వేసేటప్పుడు అసలు తేదీయే రాయించండి.

ఇంతకీ ఈ జాబు ముఖ్యంగా పిన్ని కోసం. ఆమె ఖద్దామా వీసా మీద, అంటే ఇంటిపనికి, వస్తోందని విన్నాను. చదువు రాదు కాబట్టి నువ్వే కూర్చోబెట్టి చెప్పు. 2019 మార్చి నుంచి పాస్‌పోర్టులో అకామా స్టిక్కరు అంటించడం మానేసినారు, ఆ వివరమంతా బతాకాతోనే ముడిపడి ఉంది. దారిలో పోలీసులు ఆపినా అడిగేది అదే. అట్లాంటి కార్డును ఇంట్లో పనిచేసే ఆడవాళ్ల దగ్గర్నుంచి తీసుకుని బీరువాలో పెట్టుకునే సేట్లు ఉన్నారు. ఇక్కడి మాలియాలో కలిసిన మన వైపు అక్క ఒకామె ఈ మాట చెప్తూ కండ్లనీళ్లు పెట్టుకుంది. నాకు కడుపు రగిలిపోయింది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు గానీ, బతాకా గానీ యజమాని దగ్గర పెట్టుకోకూడదు. పిన్ని ఒప్పుకోవద్దు, అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయొద్దు.

ఫోనులో కువైట్ మొబైల్ ఐడి అని ఒక యాప్ ఉంది, బతాకా అందులోనూ కనిపిస్తుంది. ఆమెకు కార్డు రాగానే నేను పెట్టిస్తాను. బయలుదేరే ముందు పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు ఫోటోలు తీసి నాకు పంపండి, జిరాక్సు ఒక సెట్టు ఇంట్లో ఉంచండి. సేటు ఇల్లు ఏ ఏరియా, ఏ బ్లాకు, ఏ వీధో ఏజెంటును గట్టిగా అడిగి రాయించుకోండి. అది లేకుండా ఆమెను విమానం ఎక్కించొద్దు నాయనా.