అది ఆటేనా, అభ్యాసమా?

మీ ఇంట్లో పిల్లలు కంప్యూటర్ ముందు కూచుని విమానం నడుపుతుంటే మీరేమంటారు? "చదువూ సంధ్యా లేదా?" అని కసురుతారు కదూ! లాల్‌దర్వాజాలోని మా ఇంట్లోనూ రోజూ ఇదే రభస. మా అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. చదువుతోంది. పైలట్ అవుతానంటుంది. ఆ కంప్యూటర్ విమానాన్ని ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారట. "ఆడపిల్లకి ఆకాశంలో ఏం పని?" అంటుంది మా అత్తమ్మ. "అంత ఫీజు ఎక్కణ్ణించి తేవాలి?" అంటారు మావారు. నిజమే, ఆ కోర్సుకి లక్షలు కావాలి. చిట్టీ ఎత్తి, గాజులమ్మి కట్టేముందు అసలీ అభ్యాసం దేనికి పనికొస్తుందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది మీకూ చెబుతాను.

ముందు మా అత్తమ్మ మాటకి జవాబు. మన పాతబస్తీ అమ్మాయే సయ్యదా సల్వా ఫాతిమా. తండ్రి బేకరీలో పనిచేసేవారు. 2007లో ఏవియేషన్ అకాడమీలో చేరి, చిన్న సెస్నా విమానాల మీద 200 గంటలు ఎగిరి, 2013లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించింది. తర్వాత ప్రభుత్వ సాయంతో పెద్ద విమానాల శిక్షణా పొందింది. కాబట్టి ఆడపిల్ల, పేదిల్లు అన్న మాటలు పక్కన పెడదాం.

ఇక సిమ్యులేటర్ సంగతి. తొలిరోజుల్లో దీన్ని తయారుచేసినవాడు ఎవరనుకున్నారు? ఎడ్విన్ లింక్ అనే అమెరికన్. వాళ్ళ నాన్నకి ఆర్గన్ల ఫ్యాక్టరీ ఉండేది. మన హార్మోనియంకి ఉన్నట్టే వాటికీ గాలితిత్తులుంటాయి. ఆ తిత్తులతోనే నేలమీద ఊగే ఉత్తుత్తి విమానం చేశాడు, 1929లో! 1934లో టపా మోసే సైనిక పైలట్లు మంచులో, చీకట్లో దారి తెలీక చనిపోతుంటే, అమెరికా సైన్యం వాటిని కొన్నది. మన బోయినపల్లి దగ్గర ఫిరోజ్‌గూడలోనూ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ఎన్నో ఏళ్ళు సిమ్యులేటర్ల మీద శిక్షణ పొందారు. అవి కోట్ల ఖరీదు చేసేవి. ఇంటి కంప్యూటర్‌ది వాటికి చెల్లెలి వరసనుకోండి.

ఇంట్లో ఏం నేర్చుకోవచ్చు? ఒకే పొయ్యి మీద పాలు, పక్కన పోపు, ఇంకో పక్క కుక్కర్ విజిల్, అన్నిటిమీదా మన చూపు తిరుగుతూనే ఉంటుంది కదా! పైలట్ కూడా వేగం, ఎత్తు, దిక్కు చూపించే మీటర్ల మీద చూపు అలాగే తిప్పుతూ ఉండాలి. ఈ అలవాటు ఇంట్లో బాగా పడుతుంది. ఏ మీట తర్వాత ఏది నొక్కాలో చెప్పే చెక్‌లిస్టు, రేడియోలో మాట్లాడే పద్ధతి కూడా వస్తాయి. మన శంషాబాద్ రన్‌వే ఒక కొస నంబరు 09. అంటే అటు దిగే విమానం 90 డిగ్రీలకి, తూర్పు ముఖంగా ఉంటుందన్నమాట. రేడియోలో దాన్ని "జీరో నైనర్" అనాలట! అసలు విమానంలో గంటకి వేలు పోస్తూ ఇవన్నీ మొదట్నించి నేర్చుకోవడం కన్నా, ఇంట్లో బట్టీ పట్టి వెళ్తే డబ్బు ఆదానే కదా!

మరి రానిదేమిటి? ఒంటికి తెలియాల్సింది. చిన్న విమానం పైకి లేచేటప్పుడు ఎడమకి లాగుతుంది, కుడికాలితో పెడల్ తొక్కి సరిచేయాలి. కీబోర్డు మీద కాలికేం పని? నేల తాకే ముందు ముక్కు ఎంత ఎత్తాలో కూడా గాల్లోనే తెలుస్తుంది. పైగా తెర చూసి అలవాటైన పిల్లలు అసలు విమానంలో అద్దంలోంచి బయటికి చూడకుండా మీటర్లకే కళ్ళప్పగిస్తారట. ఇంట్లో చేసిన గంటలు మన దేశంలో లైసెన్సు లెక్కలోకి రావు. అమెరికాలో 1997లో 10 గంటల వరకు లెక్కలోకి తీసుకుంటామన్నారు గానీ, అది ఆమోదం పొందిన పరికరాల మీద, గురువు దగ్గర చేసినవాటికే.

అందుకే మా ఇంట్లో కొన్ని నియమాలు పెట్టాను. రోజుకి ఒక్క గంట, ఒక్క పాఠం. చెక్‌లిస్టు పైకి చదవాలి. తప్పులు నోటుబుక్కులో రాయాలి. కూల్చేసి నవ్వుకునే ఆటలు వద్దు. నేను కూరలు తరుగుతూ ఆ లిస్టు వింటుంటాను. ఒకటి వదిలేస్తే ఇప్పుడు నాకూ తెలిసిపోతోంది!

మీ పిల్లలకీ ఈ కోరికుంటే ఒక్క మాట. ఫీజు కట్టేముందు విమానయాన శాఖ ఆమోదించిన డాక్టర్ల దగ్గర కళ్ళు, చెవులు, గుండె పరీక్ష చేయించండి. కమర్షియల్ లైసెన్సుకి క్లాస్ వన్ మెడికల్ తప్పనిసరి. అందులో ఆగిపోతే ఎంత అభ్యాసం చేసినా లాభం లేదు. మా అమ్మాయికి పరీక్షలవగానే మేం చేయించబోయేది అదే. గాజుల మాట ఆ తర్వాతే. ఏమంటారు?