నిద్రపోయిన కంప్యూటరు

మన సంచికలో ఏటేటా హాస్టలు భోజనం మీద, పరీక్షల మీద వ్యాసాలు వస్తూనే ఉంటాయి. నేను మాత్రం కంప్యూటరు ఆర్పే పద్ధతుల గురించి రాయదలచాను. నవ్వకండి. ఆ సంగతి తెలియకనే మా తాత మాటలు పోగొట్టుకున్నాను.

మాది ఎల్లారెడ్డి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కట్ట పనికి తన తండ్రి పోయిన ముచ్చట్లు తాత బాగా చెప్తాడు. ప్రాజెక్టు వర్కు కోసమని ఒక ఆదివారమంతా ఆయన మంచం పక్కన కూర్చుండి, చెప్పింది చెప్పినట్టు నోట్‌ప్యాడ్‌లో కొట్టాను. ఇంతలో బస్సు వేళయింది. ఫైలు సేవ్ చేయకుండానే మూత వేసి, సంచిలో పెట్టుకొని బయలుదేరాను. లింగంపేట దాటి కామారెడ్డి చేరేదాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను, పసిపాపను పెట్టుకున్నట్టు!

తెల్లారి మూత తెరిస్తే, యంత్రం మొదటినుంచీ లేచింది. తాత మాట ఒక్కటీ లేదు.

ల్యాబులో ఒక అన్న విషయం విప్పి చెప్పాడు. "తమ్మీ, మూత వేస్తే అది ఆగలేదు, పండుకున్నది." స్లీప్ అంటే అదే. తెర ఆరుతుంది, ప్రాసెసరు పని ఆపుతుంది. కాని తెరిచి ఉంచిన పనంతా ర్యామ్‌లోనే ఉంటుంది. ర్యామ్‌కు కరెంటు కావాలి, కొంచెమైనా సరే. అది తెగిందా, అందులో ఉన్నదంతా గాలికి పోయినట్టే. నాది రెండో చేతిలో కొన్న ల్యాప్‌టాప్, బ్యాటరీ పేరుకే. రాత్రి ఎప్పుడో అది చల్లగా ప్రాణం విడిచింది.

హైబర్నేట్ వేరు. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసుకొని, ఆ తర్వాత పూర్తిగా ఆరిపోతుంది. ఇక బ్యాటరీ ఊడదీసినా భయం లేదు. లేవడానికి స్లీప్ కంటే కొంచెం ఆలస్యం, అంతే. విండోస్‌లో ఇది చాలాసార్లు మెనూలో కనిపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు పోయి, పవర్ బటన్లు ఏం చేయాలో చెప్పే చోట హైబర్నేట్ ముందర టిక్కు పెట్టుకోవాలి. మూత వేస్తే ఏం కావాలో కూడా అక్కడే చెప్పవచ్చు. (ఇంత మంచి వస్తువును దాచిపెట్టిన బుద్ధిమంతుడెవరో!)

రీస్టార్ట్ సంగతి ఇంకా విచిత్రం. మొన్న ప్రింటరు మొరాయిస్తే మూడుసార్లు షట్‌డౌన్ చేసి మళ్ళీ వేశాను. ఊహూఁ. అన్న వచ్చి రీస్టార్ట్ నొక్కాడు, కాగితం బయటికొచ్చింది! 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ చేసినా, మన ఫైళ్ళు మూతబడతాయి గాని, లోపలి కెర్నెల్, డ్రైవర్లు హైబర్నేట్ పద్ధతిలోనే డిస్కులో దాగి, మర్నాడు అట్లాగే లేస్తాయి. చిక్కు కూడా వాటితోనే లేస్తుంది. రీస్టార్టే వాటిని కొత్తగా మొదలుపెడుతుంది. షిఫ్టు పట్టుకొని షట్‌డౌన్ నొక్కినా సరే, పూర్తిగా ఆగుతుంది.

ఇవన్నీ తెలిసినంక తాత దగ్గరికి మళ్ళీ పోయాను. "మల్ల మొదటికెళ్ళి చెప్పాల్నా బిడ్డా? ఆ దినం ఎట్ల చెప్పిన్నో యాదికి లేదు" అన్నాడు. అయినా చెప్పాడు. మొదటిసారి పదకొండు పేజీలయింది, ఈసారి ఆరు. రాళ్ళు మోసిన బండ్ల ముచ్చట ఎంత గుర్తు చేసినా రాలేదు.

ఫైలు సేవ్ చేశాను. హైబర్నేట్ కూడా నొక్కాను. దీపం పూర్తిగా ఆరిపోయింది. తాత వంగి చూశాడు.

"సచ్చిందా?"

"లేదు తాతా. రాసుకొని పండుకున్నది."


"అయితే మంచిదే. బస్సుకు పో, ఆలస్యమైతుంది" అన్నాడు.