పడవలో పాయిఖానా

నా పరిశోధన స్త్రీల ఆత్మకథల్లో శరీరం గురించి. మూడొందల పేజీల సిద్ధాంత గ్రంథంలో మరుగుదొడ్డి అన్న మాట ఒక్కసారైనా రాయలేదు. ఆ సంగతి సియాటిల్‌లో, ముప్ఫై అడుగుల పాత తెరచాప పడవలో, ముక్కుకి గుడ్డ కట్టుకుని గొట్టం విప్పుతున్నప్పుడు గుర్తొచ్చింది.

పడవ నా సహచరుడిది. అందులో చేతిపంపు టాయిలెట్ ఉండేది. వాడినప్పుడల్లా ముప్ఫై, నలభైసార్లు పంపు కొట్టాలి. గాలికి పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడు గోడ పట్టుకోవడమా, పంపు కొట్టడమా? మగవాళ్ళకి ఆ గొడవ లేదు. వెనక్కెళ్ళి కమ్మీ పట్టుకుని నిలబడతారు. నేను మాత్రం పొద్దుట్నించీ మంచినీళ్ళు మానేసేదాన్ని, చీకటి పడేదాకా ఓర్చుకున్న మా ఊరి ఆడవాళ్ళలాగే. 2017-18లో మన నేవీ అమ్మాయిలు ఆరుగురు ‘తారిణి’లో భూగోళం చుట్టొచ్చారు. అందులో విశాఖ అమ్మాయి, హైదరాబాద్ అమ్మాయి కూడా ఉన్నారు. తుఫాన్ల గురించి చదివాను కానీ ఈ విషయం నేను చదివిన వార్తల్లో ఎక్కడా లేదు.

రెండోసారి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చాక కరెంటు టాయిలెట్ పెడదామన్నాను. “బ్యాటరీ తినేస్తుంది” అన్నాడతను. మోటారు పదిహేను, ఇరవై ఆంపియర్లు లాగే మాట నిజమే, కానీ తిరిగేది కొన్ని సెకన్లే. లెక్కేసి చూపించాను. పన్నెండు వోల్టులే కాబట్టి బ్యాటరీ నుంచి లావుపాటి తీగ లాగాలి, మధ్యలో ఫ్యూజు పెట్టాలి. టాయిలెట్ నీటిమట్టానికి కింద ఉంటుంది. అందుకని సముద్రపు నీళ్ళొచ్చే గొట్టాన్ని ఎత్తుగా వంచి, ఆ వంపు మీద గాలి పీల్చే చిన్న వాల్వు పెట్టాలి. లేకపోతే నీళ్ళు వాటంతటవే ఎక్కి పడవ మునుగుతుంది. పుజెట్ సౌండ్‌లో పడవల మురుగు వదలడాన్ని 2018లో నిషేధించారు కాబట్టి అంతా ట్యాంకులోకే వెళ్ళాలి. రెండు వారాంతాలు పట్టింది. మీట నొక్కగానే గుర్రుమని తిరిగితే నాకు డాక్టరేటు వచ్చినప్పటికన్నా సంతోషమేసింది.

మూడు నెలలకి పంపు ఆగిపోయింది. ముందురోజు వచ్చిన ఒక స్నేహితురాలు ప్యాడ్ అందులో వేసింది. ముక్కలు చేసే బ్లేడుకి దూదంతా చుట్టుకుపోయింది. తప్పు ఆమెది కాదు. అక్కడ బుట్ట పెట్టాలన్న ఆలోచన మాకే లేదు, నలుగురు మగవాళ్ళ మధ్య ఆమె ఎవర్నడుగుతుంది?

గ్లవుజులు తొడుక్కుని విప్పాను. బాతుముక్కులాంటి రబ్బరు వాల్వు గట్టిపడిపోయింది. మూత్రం, ఉప్పునీరు కలిసి గొట్టం లోపల సున్నంలా గట్టిగా పేరుకుంది. అది గీకుతుంటే అమ్మమ్మగారిల్లు గుర్తొచ్చింది. 1995 ప్రాంతం. మా అగ్రకుల ఇంటి పెరట్లో ఇంకా పాతకాలపు దొడ్డే ఉండేది. వెనక సందులోంచి ఒకామె వచ్చి ఎత్తుకెళ్ళేది. ఆమె వెళ్ళాక అమ్మమ్మ ఆ దారంతా నీళ్ళు కొట్టేది. అలా ఎత్తించకూడదని 1993లోనే చట్టం వచ్చింది, మా సందులోకి మాత్రం రాలేదు.

నేను పడేది నా మలం, నా స్నేహితుల మలం. పని కాగానే స్నానం చేసి, కాఫీ తాగి, దీని గురించి వ్యాసం రాసుకోగలను. ఆమె పనితో దీన్ని పోల్చుకునే ధైర్యం నాకు లేదు.

ఫోన్లో చెప్తే అమ్మకి కోపమొచ్చింది. “అంత చదువు చదివి నువ్వెందుకే ఆ పని? అక్కడ మనుషులు దొరకరా?”

“అమ్మమ్మ వాళ్ళింటికి వచ్చే ఆవిడ పేరేంటమ్మా?”

అమ్మ చాలాసేపు ఆలోచించింది. “ఏమోనే. రోజూ వచ్చేది” అంది.

ఇప్పుడు బుట్ట ఉంది. గొట్టంలో నెలకోసారి వెనిగర్ పోస్తున్నాం. రబ్బరు వాల్వు ఏటా మార్చాలి, వచ్చే ఏప్రిల్లో వంతు అతనిది.